వేడెక్కాల్సింది అద్దం, కాలిందేమో టర్మినల్

మే నెలలో గోదావరిఖనిలో ఎండకు నిలిపిన కారు డోరు హ్యాండిల్ ముట్టుకుంటే చేయి చుర్రుమంటుంది. ఈ ఊళ్లో కారు ముందు అద్దాన్ని కరెంటు పెట్టి వేడి చేస్తారంటే నవ్వుతారు. కానీ మంచు పడే దేశాల్లో, పొద్దున్నే డ్యూటీకి బయల్దేరాలంటే ముందు అద్దం గీకాలి. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన సింగరేణి కార్మికుల పిల్లలకు ఆ చాకిరీ బాగా తెలుసు.

అద్దాన్ని కరెంటుతో వేడి చేసే ఉపాయం మొదట విమానాలది. 1974లో ఫోర్డ్ కంపెనీ థండర్‌బర్డ్, లింకన్ కాంటినెంటల్ మార్క్ 4 కార్లలో అద్దం పొరల మధ్య పలచటి బంగారు పూత పెట్టింది. ఆ పూతకు 12 వోల్టులు ఏ మూలకూ చాలవు. దానికోసం వేరే ఆల్టర్నేటర్ బిగించి వంద వోల్టులకు పైగా పంపారు. ఖరీదైన వ్యవహారం, ఎక్కువ కాలం నిలవలేదు. 1985లో యూరప్‌లో వచ్చిన ఫోర్డ్ స్కార్పియోలో దారి మార్చారు: పొరల మధ్య వెంట్రుకల్లాంటి సన్నని తీగలు, అన్నీ సమాంతరంగా. మామూలు బ్యాటరీ వోల్టేజీయే సరిపోయింది.

చిక్కు మొదలైందీ అక్కడే. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరగాలి. 500 వాట్లు కావాలంటే 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు దాటుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని శాస్త్రవేత్త జూల్ 1841లోనే తేల్చాడు. పక్కనే ఉన్న రామగుండం ఎన్టీపీసీ కరెంటును 400 కిలోవోల్టులకు ఎక్కించి దూరాలకు పంపేది ఈ వేడి తగ్గించుకోవడానికే.

లెక్క వేసి చూడండి. అద్దానికి కరెంటు అందించే వైరు చివరి టర్మినల్ శుభ్రంగా, బిగువుగా ఉండి నిరోధం 0.001 ఓమ్ అయితే, 40 ఆంపియర్ల దగ్గర పుట్టేది 1.6 వాట్లు. తుప్పు, లూజు వల్ల అది 0.01కి చేరితే 16 వాట్లు, అదీ గోరంత ముక్కలో! వేడికి టర్మినల్ స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం ఇంకా పెరుగుతుంది, చివరికి ప్లాస్టిక్ కనెక్టరు గోధుమరంగుకు తిరిగి కరుగుతుంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు. కరెంటు పెరగలేదు కదా, అదెందుకు పోతుంది? అది తెలియక కొందరు పెద్ద ఫ్యూజు వేస్తారు. నా దృష్టిలో అంతకన్నా తెలివితక్కువ పని లేదు.

స్విచ్ ఆపి ఓమ్ మీటరు పెడితే అంత చిన్న నిరోధం దొరకదు. లోడు నడుస్తుండగా జాయింటుకు అటూ ఇటూ వోల్టు మీటరు పెట్టాలి. 0.4 వోల్టు కనిపిస్తే 40 ఆంపియర్ల దగ్గర పోతున్నవి ఆ 16 వాట్లే. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టునూ అలాగే చూడాలి. చాలామంది ప్లస్ వైపే వెతికి వదిలేస్తారు. నల్లబడిన టర్మినల్‌ను గీకి మళ్లీ తొడిగితే లాభం లేదు. పట్టు పోయిన స్ప్రింగు తిరిగి రాదు. మంచి రాగి వచ్చేదాకా వైరు కోసి, కొత్త టర్మినల్ క్రింప్ చేయాలి.

ఇప్పుడు కొన్ని కార్లలో 48 వోల్టుల వ్యవస్థ వస్తోంది. అద్దాన్ని దాంతో నడిపితే అవే 500 వాట్లకు పది ఆంపియర్లు, కాస్త పైన. అదే పాడైన టర్మినల్‌లో పుట్టే వేడి పదహారో వంతు.