చల్లని అయస్కాంతమునకు వేడియే రక్ష

1911లో హాలెండు దేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ పండితుడు, అతిశీతలమైన పాదరసమున విద్యున్నిరోధము మాయమగుటను కనుగొనెను. ఈ గుణముగల తీగలను చుట్టి మహాబలముగల అయస్కాంతములను నిర్మింపవచ్చును. కాని వాని చలి యొకచోట తగ్గినచో నిరోధము మరలివచ్చును. అయస్కాంతమున నున్న శక్తి యంతయు ఆ చోటనే వేడిగా మారి తీగను కరగించును. ఈ విపత్తునే 'క్వెంచ్' అందురు.

జెనీవా చెంత సెర్న్ సంస్థ, ప్రోటానులను వలయమున త్రిప్పుటకు నిర్మించిన మహాయంత్రమున వంపు అయస్కాంతములు 1,232 కలవు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు; సున్నకు దిగువ 271 డిగ్రీల చలిలో పనిచేయును. వాని రక్షణోపాయము వింతయైనది. ఒకచోట వేడి పుట్టిన తక్షణమే, కెపాసిటర్లలో 900 వోల్టుల వద్ద నిలువచేసిన విద్యుత్తును ఉక్కు పట్టీలలోనికి వదలి, చుట్టనంతటిని వేడిచేయుదురు. శక్తి అంతట పంచబడుటచే ఏ చోటును కాలదు.

ఈ రక్షణ పరికరములు వేలకొలదిగా భారతదేశమునుండి వెళ్లినవి. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. వాని తయారీలో పాలుగొనుట తెలుగువారికి గర్వకారణము.

అయినను 2008 సెప్టెంబరు 19న అపాయము వేరొక దారిని వచ్చెను. చుట్టలలో కాక, రెండు అయస్కాంతములను కలుపు అతుకున దోషమేర్పడెను. అచ్చట విద్యుజ్జ్వాల లేచి, టన్నులకొలది హీలియము వెలువడెను. 53 అయస్కాంతములను పైకి తీయవలసివచ్చెను. పిమ్మట అతుకులను సైతము కనిపెట్టియుండు ఏర్పాటు గావించి, 2009 నవంబరులో యంత్రమును మరల నడిపిరి. కాపుదల చుట్టకెంత అవసరమో అతుకునకును అంతే అవసరమని నిపుణులు గ్రహించిరి; యంత్రమును మరల నడుపుటకు ఏడాదికి పైగా కాలము వెచ్చింపవలసివచ్చెను.