ఉభయకుశలోపరి

మా అమ్మాయిది ఇంట్లో కూచుని చేసే ఆఫీసు ఉద్యోగం. పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే తెరమీద దాని పేరు పక్కన ఓ ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. మనిషి సీట్లో వుందని పై వాళ్ళకి అదే గుర్తు. పాలు పొంగుతున్నాయని కాసేపు వంటింట్లోకి వచ్చిందా, చుక్క పసుపు రంగుకి తిరుగుతుంది.

మొన్న దానికి నూటరెండు జ్వరం. సెలవు పెట్టవే అంటే "ఇవాళ కుదరదమ్మా" అంది. మధ్యాహ్నానికి ఇక కూచోలేక మంచమెక్కి, "అమ్మా, ఆ మౌస్‌ని కాస్త అప్పుడప్పుడూ కదుపుతూ వుండవే, చుక్క పసుపవకుండా చూడు" అని కళ్ళు మూసుకుంది. ఒక చేత్తో దాని నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ, రెండో చేత్తో మౌస్ కదుపుతూ కూచున్నాను. ఆఫీసు లెక్కలో మా అమ్మాయి ఆ మధ్యాహ్నమంతా హాజరే! చిన్నప్పుడు బడికి రాని స్నేహితురాలి కోసం గొంతు మార్చి "ప్రెజెంట్ టీచర్" అనేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అదే పని.

ఇంతకీ ఎక్కడో వున్న యంత్రాన్ని "వున్నావా?" అని అడగడం ఎవరు మొదలెట్టారో! ఆ రాత్రి దాని పక్కన కూచుని ఆ కథంతా చదివాను. చదువుతుంటే మన పాత ఉత్తరాలు గుర్తొచ్చాయి. మొదట "ఉభయకుశలోపరి", ఆ తర్వాతే కదా అసలు సంగతి! యంత్రాలదీ అదే పద్ధతి.

1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటరు నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోని కంప్యూటరుకి మొదటి కబురు పంపబోయారు. "లాగిన్" అనే మాటలోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పంపుతూ, అవతలివాళ్ళని టెలిఫోన్లో "ఎల్ వచ్చిందా? ఓ వచ్చిందా?" అని అడిగారు. రెండక్షరాలు వెళ్ళాయి. మూడో దానికి అవతలి యంత్రం కుప్పకూలింది. చూశారా, యంత్రం క్షేమం తెలుసుకోవడానికి మొదట్లో మనిషి గొంతే దిక్కయింది!

ఆ ఆర్పానెట్ అనే వల పెరిగాక, దాన్ని కాపు కాయడానికి కేంబ్రిడ్జి పట్నంలో బీబీఎన్ అనే కంపెనీవాళ్ళు ఓ గది పెట్టారు. వలలో ఒక్కో చోట ఫ్రిజ్జంత పెట్టె. అవన్నీ తమ క్షేమ సమాచారాన్ని కాసేపటికోసారి ఆ గదికి పంపుతూ వుండాలి. పంపకపోతే ఏదో అయినట్టే. ఓసారి కాలిఫోర్నియాలో ఒక లైను చెడిందని ఈ గదివాళ్ళు అక్కడి టెలిఫోను కంపెనీకి చెబితే, దేశానికి ఈ చివర కూచున్నవాళ్ళకి ఆ చివరి సంగతి ఎలా తెలుసని నమ్మలేదట!

అక్కడే పనిచేసిన ఎలెన్ వెస్ట్‌హైమర్ అనే ఆవిడ 1971, 72 సంవత్సరాల్లో యంత్రాల హాజరుపట్టీలు రాసేది. ఏ తేదీన ఏ యంత్రం తలుపు తీసింది, ఏది రావద్దంది, ఏది చచ్చినట్టు పడుంది, అన్నిటికీ ఒక్కో అక్షరం గుర్తు. మన ఇళ్ళల్లో పాల లెక్క కాలెండరు మీద రాసుకున్నట్టే అనుకోండి.

1981లో జాన్ పోస్టెల్ ప్రకటించిన నియమాల్లో ఒకటి ముచ్చటైనది. ఎవరైనా "ప్రతిధ్వని" అడిగితే, విన్న యంత్రం ఆ మాటనే తిరిగి పంపాలి. బావిలోకి వంగి "ఓయ్" అంటే బావి "ఓయ్" అన్నట్టు.

దాన్ని పనిలో పెట్టినవాడు మైక్ మూస్. మేరీలాండ్‌లోని సైనిక పరిశోధనాలయంలో పనిచేసేవాడు. 1983 జూలైలో నార్వేలో డేవిడ్ మిల్స్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన మాట ఆయన మనసులో వుండిపోయింది. డిసెంబరులో తమ వల మొరాయిస్తే, ఒక్క రాత్రి కూచుని వెయ్యి వరసల ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గామి శబ్దం పేరే దానికి పెట్టాడు: పింగ్. తీరా తెల్లారి అది సిద్ధమయ్యేసరికి, మరో ఉద్యోగి ఆ చెడిన భాగాన్ని బాగుచేసేశాడు! తన పనులన్నిట్లో దీనికే పేరొస్తుందని తెలిస్తే ఇంకో రెండ్రోజులు కష్టపడేవాణ్ణని మూస్ తర్వాత రాసుకున్నాడు.

ఆయన చెప్పిన ఇంకో కథ నాకు మరీ నచ్చింది. ఒకాయన ఆఫీసులో వైరెక్కడో వదులైంది. జవాబొచ్చినప్పుడల్లా కంప్యూటరు "పింగ్" అని స్టీరియోలో అరిచేట్టు ఏర్పాటు చేసి, భవనమంతా తిరుగుతూ ఒక్కో వైరూ కదిపి చూశాడట. ఎక్కడ కదిపితే అరుపు ఆగిందో అక్కడే లోపం!

2000 నవంబరులో మూస్ కారు ప్రమాదంలో పోయాడు. ఆయన పింగ్ మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా యంత్రాల్ని పలకరిస్తూనే వుంది.

ఇదంతా చదివాక నాకొకటి తట్టింది. వీళ్ళందరూ అడిగింది యంత్రాన్ని, వైరుని. జవాబు రాకపోతే ఏం చెడిందో చూసి బాగుచేయడానికి అడిగారు. మా అమ్మాయి చుక్క పనితీరు వేరు. అది చెయ్యి కదులుతోందా లేదా అనే చూస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో, ఒంట్లో ఎలా వుందో దానికక్కర్లేదు. ఉభయకుశలోపరి అంటూనే వుంటుంది, కుశలం మాత్రం అడగదు. దానితో చేతులు కలిపి అబద్ధపు హాజరు పలికింది నేనే కదా!

తెల్లారినా జ్వరం తగ్గలేదు. నేనే పట్టుబట్టి దానిచేత రెండు ముక్కలు రాయించాను: జ్వరం, రెండ్రోజులు సెలవు. పావుగంటలో "విశ్రాంతి తీసుకో" అని జవాబొచ్చింది. చెప్పకపోతే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది పాపం!

కంప్యూటరు మూసేశాను. చుక్క ఆరిపోయింది. సాయంత్రం నిద్రపోతున్నదాని నుదుటిమీద చెయ్యివేసి చూశాను. చల్లబడుతోంది.