కత్తెరకు ముందు గీత: అందరి సొత్తయిన కుట్టు నమూనాల పుట్టుపూర్వోత్తరాలు

బట్టను కత్తిరించే ముందు దాని మీద గీసుకునే గీత వేరు, ఆ గీతకు ఆధారమైన లెక్క వేరు. ఒక చొక్కాకు ముందు భాగం, వెనుక భాగం, చేయి, కాలరు వంటి ముక్కలు ఏ ఆకారంలో ఉండాలో కాగితం మీద చూపేది కుట్టు నమూనా. టైలరింగ్ తరగతులలో పేపర్ కటింగ్ అనే పేరుతో నేర్పేది దీనినే. ఛాతీ కొలతలో ఎన్నో వంతు తీసుకుంటే చంక లోతు వస్తుందో, మెడ చుట్టుకొలత నుంచి కాలరు పొడవును ఎలా రాబట్టాలో తెలిపే లెక్క మాత్రం ఆ కాగితం మీద కనిపించదు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన అచ్చు నమూనాల చరిత్రలో గీత ఏనాడో బజారుకు వచ్చింది గాని, లెక్క చాలావరకు దర్జీ నోటిలోనో, పాఠ్యపుస్తకంలోనో, కంపెనీ గదులలోనో ఉండిపోయింది. ఆ లెక్కనే కంప్యూటరు ప్రోగ్రాముగా రాసి, దానిని ఎవరైనా చదివి, వాడుకుని, మార్చుకుని, తిరిగి పంచుకునే హక్కుతో సహా బయటపెట్టడం గత పది పదిహేనేళ్లలో జరిగిన పని. దీనిని ఓపెన్ సోర్సు పద్ధతి అంటారు. ఈ దారిలో నడుస్తున్న ప్రాజెక్టులలో బెల్జియంలో పుట్టిన ఫ్రీసూయింగ్ ప్రధానమైనది.

అచ్చులో నిలిచిన తొలినాటి దర్జీ గ్రంథాలలో ప్రసిద్ధమైనది స్పెయిన్ దేశపు దర్జీ హువాన్ దె అల్సేగా 1580లో మాద్రిదులో ప్రచురించిన జ్యామితి, కత్తిరింపుల పుస్తకం. అందులోని పటాలను నేటి నమూనాలుగా భావించడం పొరపాటు. ఫలానా వెడల్పు గల బట్టలో ఒక అంగీకి కావలసిన ముక్కలను ఎలా పేర్చితే వృథా తగ్గుతుందో, మొత్తం ఎన్ని వారాల బట్ట పడుతుందో చెప్పడమే వాటి పని. వారా అంటే మీటరు కంటే కొంత తక్కువగా ఉండే స్పానిష్ కొలమానం. ఆ కాలంలో కుట్టుకూలి కంటే బట్ట ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో పుస్తకం దృష్టి అంతా పొదుపు మీదనే నిలిచింది. ఒంటికి సరిపెట్టే నేర్పు దర్జీకి ఎలాగూ ఉంటుందనే ధీమాతో దానిని పెద్దగా వివరించలేదు. ఫ్రాన్సులో గార్సో 1769లో ప్రచురించిన దర్జీ కళ గ్రంథం పనిముట్లను, కుట్లను, కత్తిరింపులను మరింత విపులంగా వర్ణించినా, అది కూడా విద్య తెలిసినవాడికి గుర్తుచేసే పుస్తకమే గాని తెలియనివాడికి నేర్పే పుస్తకం కాదు.

అంకెలు ముద్రించిన టేపు యూరప్ దర్జీల చేతికి వచ్చింది 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే. అంతకు ముందు ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క కాగితపు పట్టీనో, తోలు పట్టీనో కేటాయించి, భుజం ఇంత, నడుము ఇంత అని దాని మీద గంట్లు పెట్టుకునేవారు. ఆ గంట్లు ఆ మనిషికే పనికివచ్చేవి. ఇద్దరి పట్టీలను పక్కపక్కన పెట్టి చూసినా ఎవరు పొడుగో తెలియడం తప్ప, వాటి నుంచి ఒక సూత్రాన్ని లాగడం కష్టం. టేపుతో కొలత సంఖ్యగా మారింది. సంఖ్యను భాగించవచ్చు, హెచ్చవేయవచ్చు, మరొక సంఖ్యతో పోల్చవచ్చు. దానితో కత్తిరింపు పద్ధతుల పుస్తకాలు వెల్లువెత్తి, వాటిని రాసినవారు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఛాతీ చుట్టుకొలత ఒక్కటి చాలు, తక్కినవన్నీ అందులోని భాగాలుగా రాబట్టవచ్చు అన్నది అనుపాత పద్ధతి; ఒంటి మీద ప్రతి చోటా విడిగా కొలవవలసిందే అన్నది ప్రత్యక్ష కొలత పద్ధతి. మొదటిది పని తేలిక చేసేది గాని, సన్నని ఛాతీకి వెడల్పు భుజాలున్న మనిషి ఎదురైతే తప్పేది. రెండవది మనిషిని నమ్మేది గాని, కొలిచే చేయి కాస్త తడబడితే కోటు మొత్తం చెడేది. ఈ తగవు నేటికీ తీరలేదు, తీరవలసిన అవసరం కూడా లేదు. కంప్యూటరు నమూనాలలో ఆ రెండు పక్షాలూ కలిసి కాపురం చేస్తున్నాయి.

కుట్టుమిషను ఇళ్లలోకి ప్రవేశించాక నమూనాకు కొత్త కొనుగోలుదారు పుట్టుకొచ్చింది. ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు తీసుకున్న తరువాత, కుట్టడం తెలిసి కత్తిరించడం తెలియని గృహిణులు వేలల్లో తయారయ్యారు. న్యూయార్కులో డెమొరెస్ట్ దంపతులు అమ్మిన కాగితపు నమూనాలు ఒకే సైజులో ఉండేవి. వాటిని తమ ఒంటికి తగినట్లు పెంచుకోవడమో తగ్గించుకోవడమో కొన్నవారి బాధ్యతే. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే ఊరి దర్జీ ఎబెనెజర్ బటరిక్ 1863లో ఒకే నమూనాను వేర్వేరు సైజులలో అమ్మడం మొదలుపెట్టాడు. ఒక సైజు నుంచి మరొక సైజుకు ముక్కలను క్రమపద్ధతిలో పెంచడాన్ని గ్రేడింగ్ అంటారు. బటరిక్ వ్యాపారమంతా నిలిచింది ఈ గ్రేడింగ్ మీదనే. ఆ పలుచని కాగితాల మీద అక్షరమంటూ ఉండేది కాదు, డార్టు, అంటే ఒంటి వంపుకు తగ్గట్టు బట్టను మడిచి కుట్టే చోటు, ఎక్కడో, మడత ఎక్కడో చిన్న చిన్న రంధ్రాలే చెప్పేవి. 1870లో స్కాట్లండు దర్జీ జేమ్స్ మెకాల్ న్యూయార్కులో పోటీకి దిగాడు. 1899లో వోగ్ పత్రిక పాఠకులకు నమూనాలు అందించసాగింది. 1950లో జర్మనీలో ఎన్నె బుర్దా స్థాపించిన పత్రిక, ఒకే పెద్ద కాగితం మీద పది పన్నెండు దుస్తుల గీతలను ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, కావలసిన గీతను ఎత్తిరాసుకునే పనిని పాఠకురాలికి వదిలే పద్ధతిని యూరప్ అంతటా అలవాటు చేసింది.

సైజు అనే భావనకు శాస్త్రీయ పునాది వేయాలని అమెరికా వ్యవసాయ శాఖ 1939, 1940 సంవత్సరాలలో చేసిన సర్వేను ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే పరిశోధకుల ఆధ్వర్యంలో దాదాపు 15,000 మంది స్త్రీలకు బరువుతో కలిపి 59 కొలతలు తీశారు. నివేదిక 1941లో వెలువడింది. శరీరాలలోని వైవిధ్యం ఎంతటిదంటే రొమ్ము కొలత ఒక్కటి తెలిస్తే తక్కినవి ఊహించవచ్చుననే ఆశ నిలవదని ఆ సర్వే అంకెలే చూపించాయి. తుది లెక్కలో తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే తీసుకోవడం మరొక లోపం. అయినప్పటికీ ఆ సమాచారం ఆధారంగా 1958లో ప్రభుత్వ వాణిజ్య ప్రమాణం ఒకటి వచ్చింది. కంపెనీలు దానిని తమ ఇష్టానుసారం వదులు చేసుకుంటూ పోగా, 1983లో ప్రభుత్వమే దానిని ఉపసంహరించుకుంది. సగటు మనిషికి కుట్టిన దుస్తులు సరిపోయే మనుషులు కొద్దిమందే అన్న సంగతి తేలడానికి ఇంత తతంగం నడిచింది.

అదే 1983లో, దుస్తులతో ఏ సంబంధమూ లేని చోట, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ప్రోగ్రాము మూలపాఠం వాడుకరికి అందుబాటులో ఉండాలన్న ఆ ఉద్యమపు ఆలోచన దర్జీ బల్ల దాకా రావడానికి 30 ఏళ్లు పట్టింది. ఈలోగా దుస్తుల ఫ్యాక్టరీలు ఖరీదైన నమూనా సాఫ్ట్‌వేర్లకు మారిపోయాయి. చిన్న దర్జీకి గాని, ఇంట్లో కుట్టుకునేవారికి గాని అవి అందలేదు. 2013లో ఉక్రెయిన్ ప్రోగ్రామర్ రోమన్ టెలెజిన్‌స్కీ, అమెరికాకు చెందిన సూసన్ స్పెన్సర్ కలిసి మొదలుపెట్టిన వాలెంటీనా ఆ కొరతను తీర్చడానికి పూనుకుంది. అది కంప్యూటరు మీద దర్జీ బల్ల వంటిది: వాడుకరి బిందువులు, గీతలు తానే పెట్టుకుంటాడు, వాటిని కొలతల పట్టికతో ముడివేస్తాడు, కొలత మారితే గీత మారుతుంది. కొన్నేళ్లకు నిర్వాహకుల దారులు వేరై, సీమ్‌లీ2డీ అనే పేరుతో మరొక శాఖ ఏర్పడింది. ఓపెన్ సోర్సులో తగవు వచ్చినా పని ఆగదు, రెండవుతుంది.

ఫ్రీసూయింగ్ దారి వేరు. బెల్జియానికి చెందిన యోస్ట్ డె కాక్ మొదట పురుషుల దుస్తుల కోసం నడిపిన మేక్‌మైప్యాటర్న్ స్థానంలో 2017లో ఇది వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి దీనిని పీహెచ్‌పీ భాష నుంచి జావాస్క్రిప్టులోకి తిరగరాశారు. ఇందులో నమూనా అంటే బొమ్మ కాదు, ఒక చిన్న ప్రోగ్రాము. దానికి ఒక మనిషి కొలతలు ఇస్తే ఆ మనిషికే సరిపోయే గీతలను అప్పటికప్పుడు గీసి ఇస్తుంది. సైజుల పట్టీతో పని లేదు. ప్రతి డిజైనుకు సైమన్, వహీద్, కార్ల్‌టన్ అంటూ మనుషుల పేర్లు పెట్టడం ఈ ప్రాజెక్టు ఆనవాయితీ. సైమన్ చొక్కా, వహీద్ చేతుల్లేని వెయిస్ట్‌కోటు, కార్ల్‌టన్ పొడవాటి కోటు. ఒంటి కొలతలు ప్రత్యక్ష పద్ధతిలో నేరుగా తీసుకుంటారు. ఎంత వదులుండాలి, మెడ ఎంత లోతుండాలి వంటి ఐచ్ఛికాలను మాత్రం చాలావరకు ఆ కొలతలలో ఇంత శాతం అని నిర్ణయిస్తారు. 19వ శతాబ్దపు రెండు పక్షాలూ ఇక్కడే కలిశాయి.

ఈ లెక్కలో కష్టమంతా చంక దగ్గరే ఉంది. చేయి ముక్క పైభాగంలోని వంపు పొడవు, చంక చుట్టూ ఉన్న వంపు పొడవుకు సరిపోవాలి, పైగా భుజం మీద గుండ్రంగా కూర్చోవడానికి కాస్త ఎక్కువే ఉండాలి. ఆ వంపులను గీయడానికి వాడేది 1960 ప్రాంతంలో సిత్రోయెన్, రెనో కార్ల కంపెనీలలో పాల్ ద కాస్తెల్జో, పియేర్ బెజియే అనే ఫ్రెంచి నిపుణులు విడివిడిగా రూపొందించిన వక్రరేఖల గణితం. ఇటువంటి వక్రరేఖకు ఇంత పొడవు కావాలని ముందుగా నిర్ణయించి గీయడానికి సులువైన సూత్రం లేకపోవడం వల్ల, ప్రోగ్రాము ఒకసారి గీసి, కొలిచి, ఎక్కువైతే కొంచెం తగ్గించి మళ్లీ గీసి, తేడా నగణ్యమయ్యేదాకా అదే పని చేస్తుంది. అనుభవమున్న దర్జీ సుద్దముక్కతో చేసేదీ ఇదే, కాకపోతే రెండు మూడుసార్లతో సరిపెడతాడు.

నమూనా సరిగా ఉందో లేదో పరీక్షించే తీరు కూడా గమనింపదగినది. ఒకే డిజైనును మామూలు శరీరాల కొలతలతో పాటు బొమ్మల సైజుకు కుదించిన కొలతలకు, రాక్షసుల సైజుకు పెంచిన కొలతలకు కూడా గీయించి చూస్తారు. బొమ్మకు ఎవరూ కోటు కుట్టరు. అయితే ప్రోగ్రాములో ఎవరైనా శాతానికి బదులు ఒక స్థిర సంఖ్యను పొరపాటున వదిలేసి ఉంటే, మామూలు సైజులలో దాగి ఉండే ఆ లోపం ఇక్కడ గీతలు ఒకదానినొకటి కోసుకోవడంతో బయటపడుతుంది. ఇది కత్తిరింపు పుస్తకాల చరిత్రలో ఎన్నడూ లేని వెసులుబాటు. అచ్చు పుస్తకంలోని సూత్రం తప్పని తెలియాలంటే ఎవరిదో ఒకరి బట్ట పాడుకావలసిందే.

హక్కుల విషయంలో కొంత చిక్కు ఉంది. దుస్తులు ఉపయోగ వస్తువులు గనుక వాటి కత్తిరింపుకు అమెరికా కాపీరైటు చట్టం రక్షణ ఇవ్వదు. ఒక పద్ధతిని వివరించే పుస్తకానికి హక్కు ఉంటుంది గాని ఆ పద్ధతికి ఉండదని అక్కడి సుప్రీంకోర్టు 1879లోనే, ఒక ఖాతాల పుస్తకానికి సంబంధించిన బేకర్, సెల్డన్ వ్యాజ్యంలో తేల్చింది. నమూనాల కవర్ల మీద వ్యక్తిగత వాడకానికి మాత్రమే అని అచ్చువేసే హెచ్చరికకు ఎంత బలముందో అందుకే ఎప్పుడూ వాదానికి లోబడిన సంగతి. ప్రోగ్రాము మూలపాఠానికి మాత్రం కాపీరైటు స్పష్టంగా వర్తిస్తుంది. కాబట్టి లెక్కను కోడుగా రాసిన తరువాతే దానిని అందరికీ ఇస్తున్నామని చట్టబద్ధంగా చెప్పడానికి వీలు కలిగింది. వాలెంటీనా ఎంచుకున్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం, మార్పులు చేసి పంచేవారు తమ మార్పులను కూడా అదే హక్కులతో ఇవ్వాలి. ఫ్రీసూయింగ్ ఎంచుకున్న ఎంఐటీ లైసెన్సు పేరును, షరతును నిలిపితే చాలునంటుంది.

ఉచితంగా ఇచ్చే వస్తువును నిలబెట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నకు ఫ్రీసూయింగ్ ఎంచుకున్న జవాబు పోషకుల చందా. నెలనెలా కొద్ది మొత్తం ఇచ్చేవారికీ, ఏమీ ఇవ్వనివారికీ నమూనాలు ఒకటే. ఆ చందాల ఆదాయాన్ని చాలాకాలం సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు విరాళంగా పంపుతూ వచ్చారు. నిర్వాహకుడు వేరే ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో నడిపితేనే సాధ్యమయ్యే ఔదార్యమిది, ఇతర ప్రాజెక్టులకు ఆదర్శంగా చూపదగినది కాదు. డబ్బు కంటే ఎక్కువగా ఇక్కడ ఖర్చయ్యేది మనుషుల సమయం. కొత్త డిజైను రాసేవారు, చవక బట్టతో ప్రయోగాత్మకంగా కుట్టి ఎక్కడ లాగుతోందో ఎక్కడ ముడతలు పడుతున్నాయో చెప్పేవారు, కుట్టే వివరాలను ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, డచ్చి భాషలలోకి అనువదించేవారు అందరూ స్వచ్ఛందంగా వచ్చినవారే. వీరిలో కోడు తెలిసినవారికి కుట్టు తెలియకపోవడం, కుట్టు తెలిసినవారికి కోడు తెలియకపోవడం ఇటువంటి ప్రాజెక్టులకు తప్పని అసలు ఇబ్బంది. 2020లో కరోనా మొదలైనప్పుడు విడుదల చేసిన ఫ్లోరెన్స్ అనే మాస్కు నమూనా ఆ ఇబ్బందిని దాటగలిగింది, ముక్కలు తక్కువ, అవసరం ఎక్కువ. ప్రింటరు లేనివారి కోసం కాగితం లేని పద్ధతి అనే ఏర్పాటు కూడా ఉంది. అందులో ప్రతి గీత పక్కన దాని పొడవు రాసి ఉంటుంది గనుక తెర మీద చూసి నేరుగా బట్ట మీదనే గీసుకోవచ్చు.

తెలుగు ప్రాంతాలలో జాకెట్టు కుట్టించుకునే పద్ధతిని ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది ఒంటి కొలతలు ఇవ్వరు, సరిగ్గా పట్టిన పాత జాకెట్టును ఆదిగా ఇస్తారు. ఆది జాకెట్టు నుంచి తీసే కొలతలో ఒంటి కొలత, దాని మీద వదిలే వదులు, తొడిగి తొడిగి బట్ట సాగిన సాగుడు కలిసిపోయి ఉంటాయి. ఫ్రీసూయింగ్ వంటి ప్రోగ్రాముకు ఇవి మూడూ విడివిడిగా కావాలి. ఒంటి కొలత వాడుకరిది, వదులు డిజైనుది, సాగుడు బట్టది. ఇక సైజుల వైపు చూస్తే, కేంద్ర వస్త్ర మంత్రిత్వశాఖ తోడ్పాటుతో నిఫ్ట్ సంస్థ హైదరాబాదుతో సహా ఆరు నగరాలలో, 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25,000 మంది శరీరాలను త్రీడీ స్కానర్లతో కొలవాలని ఇండియాసైజ్ సర్వేను తలపెట్టింది. రెడీమేడ్ దుస్తుల పరిశ్రమకు అటువంటి పట్టిక అవసరమే. జాకెట్టుకు మాత్రం అది చాలదు, ఎందుకంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉండే ఆ చిన్న బట్టలో వదులు దాదాపు సున్నా, డార్టుల లోతు, వాటి కొస నిలిచే చోటు మనిషి మనిషికీ మారతాయి. టైలరు ఆది జాకెట్టును బల్ల మీద పరిచి, దాని మీద గుడ్డ వేసి సుద్దతో గీసేటప్పుడు కళ్లతో చేసే సవరణలను సూత్రాలుగా విడగొట్టి రాయాలంటే, ముందుగా ఆ సవరణలు ఏవేవో టైలరును అడిగి రాసుకునే మనిషి కావాలి.