యుద్ధము బిగించిన బీమా ముడి

ఉద్యోగము పోయిననాడు అమెరికాలోని నా శిష్యులకు జీతముకంటె వైద్యబీమాయే పెద్ద దిగులు. ఉద్యోగమునకు, బీమాకు ముడి బిగించినది రెండవ ప్రపంచయుద్ధము. 1942లో ప్రభుత్వము జీతముల పెంపును కట్టడి చేయగా, పనివారికై యజమానులు బీమాను ఎరగా చూపిరి. 1954 నాటి పన్నుచట్టము ఆ పద్ధతిని స్థిరపరచినది. సొంతముగా కొనబోయినవారిని పాతరోగము సాకుగా కంపెనీలు త్రోసిపుచ్చుటయు కద్దు.

1986 నాటి కోబ్రా చట్టము, ఉద్యోగులు 20 మందికి తగ్గని సంస్థలలో, పాతబీమాను సాధారణముగా 18 నెలలు నిలుపుకొననిచ్చినది. యజమాని వాటాయు తామే చెల్లించవలెను. 2010 చట్టము ఆ త్రోసివేతను 2014 నుండి నిషేధించి, బీమా విపణిని తెరచినది. చట్టబద్ధముగా నివసించు విదేశీయులకును అందు ప్రవేశము కలదు. ఉద్యోగబీమా పోయిన 60 దినములలోపల ఎంచుకొనవలెను. మిత్రులారా, అక్కడి మనవారికి ముందుగా చెప్పవలసినది ఈ గడువే.