నిరూపణ స్వభావాన్ని మార్చిన సంఖ్య: 2¹²⁷−1 చరిత్ర

ఉపోద్ఘాతం:

1644లో ఫ్రాన్సుకు చెందిన క్రైస్తవ సన్యాసి మెర్సెన్ ఒక జాబితా ప్రకటించాడు. ఘాతాంకం p విలువ 257 దాటనంత వరకు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257లకు మాత్రమే 2ᵖ−1 ప్రధాన సంఖ్య అవుతుందని అందులో పేర్కొన్నాడు. ఆ జాబితాలో ఐదు దోషాలున్నాయి. 67, 257 అందులో ఉండకూడనివి. 61, 89, 107 విడిచిపోయినవి. 127 మాత్రం నిలిచింది. దానిని 232 ఏళ్ల తరువాత, 1876లో, ఎడ్వార్డ్ లూకా నిరూపించాడు. ఈ సంఖ్యను సాధారణంగా పరిమాణం దృష్ట్యానే స్మరిస్తారు. అంతకంటె ముఖ్యమైనది దానిని నిరూపించిన పద్ధతి అని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

భాజకాల అన్వేషణ - దాని పరిమితి:

1772లో ఆయిలర్ 2³¹−1 ప్రధాన సంఖ్య అని నిర్ధారించాడు. దాని వర్గమూలం సుమారు 46,341. భాజకాలు కాదగిన సంఖ్యల రూపాన్ని ముందే కుదించుకొని, మిగిలిన వాటితో ఆయన భాగించి చూశాడు. కాని 2¹²⁷−1 అంటే 170141183460469231731687303715884105727. ఈ 39 అంకెల సంఖ్యకు వర్గమూలమే 20 అంకెలది. ఇక్కడ భాగించి చూడడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

లూకా పరీక్ష:

లూకా భాజకాలను వెదకలేదు. ఆయన ఆధారం ఫిబొనాచి శ్రేణి. మాత్రావృత్తాల గణనలో విరహాంకుడు, హేమచంద్రుడు గుర్తించిన సంఖ్యలూ ఇవే. pని 4తో భాగిస్తే శేషం 3 వచ్చే సందర్భానికి ఆయన పరీక్షను ఇలా చెప్పవచ్చు: 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్నీ వర్గం చేసి 2 తీసివేసి, 2ᵖ−1తో భాగించగా వచ్చిన శేషాన్ని తరువాతి పదంగా గ్రహించాలి. (p−1)వ పదం సున్నా అయితే ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే.

p=7 అయినప్పుడు పరీక్షించవలసిన సంఖ్య 127. పదాలు వరుసగా 3, 7, 47, 48, 16, 0. ఆరవ పదం సున్నా కనుక 127 ప్రధాన సంఖ్య. p=127 అయినప్పుడు ఇటువంటి 125 సోపానాలు చాలు.

ద్విసంఖ్యామానంలో ఈ గణన మరింత సుకరం. 2¹²⁷ను 2¹²⁷−1తో భాగిస్తే శేషం 1. కనుక 127 స్థానాలు దాటిన అంకెలు తిరిగి మొదటి స్థానాలకే చేరుతాయి. 127×127 గడుల చదరంగపు బల్లపై పావులు జరిపే ఆటగా లూకా దీనిని వర్ణించాడు.

ముగింపు:

1930లో లేమర్ ఈ పరీక్షను 4తో మొదలయ్యేలా సవరించి, బేసి ప్రధాన ఘాతాంకాలన్నింటికీ వర్తింపజేశాడు. 75 ఏళ్లపాటు 2¹²⁷−1ను మించిన ప్రధాన సంఖ్య వెలుగులోకి రాలేదు. 1951లో ఫెర్రియర్ చేతియంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. అదే ఏట మిల్లర్, వీలర్‌లు ఎడ్‌సాక్ కంప్యూటరుతో 79 అంకెల సంఖ్యను సాధించారు. అది 180×(2¹²⁷−1)²+1. లూకా సంఖ్యను అధిగమించిన ఆ సంఖ్య నిర్మాణం కూడ లూకా సంఖ్యపైనే ఆధారపడింది. "దీనికి భాజకమేది?" అన్న ప్రశ్న స్థానంలో "ఈ సంఖ్య ఎట్లా ప్రవర్తిస్తుంది?" అన్న ప్రశ్నను నిలపడమే 1876 నాటి అసలు విజయం.