ఓఆర్ఆర్ మీద టైరు పంచరైతే: జాకీ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లను తీసుకురావడానికి టోలిచౌకి, మెహదీపట్నం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే కార్లు చాలావరకు రాత్రివేళే రోడ్డెక్కుతాయి. తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో పెద్దవాళ్లు, పిల్లలు. అప్పుడు టైరు పంచరైతే మెకానిక్ దొరకడం కష్టం. కారులో ఉన్న జాకీ, పానాలే దిక్కు.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం 2008లోనే మొదట తెరుచుకుంది. దాని లోపలి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే వెనక నుంచి వచ్చే కారు సెకనుకు 33 మీటర్లు దూసుకొస్తుంది. అందుకే బండి ఎక్కడ ఆపాలన్నదే మొదటి ప్రశ్న. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, బయోడైవర్సిటీ, షేక్‌పేట ఫ్లైఓవర్ల మీద టైరు మార్చే చోటు లేదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, నడక వేగంతోనైనా సరే కిందికి దిగిపోవాలి. టైరు, మహా అయితే రిమ్ పాడవుతుంది, పోనివ్వండి.

ఆపాక అందరినీ ఎడమవైపు నుంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టాలి. నిద్రపోతున్న పిల్లల్ని లేపడం ఎందుకని కారులోనే ఉంచడం చాలామంది చేసే పొరపాటు. ఎర్ర త్రికోణం బండికి కనీసం 50 మీటర్ల వెనక పెట్టాలి, ఓఆర్ఆర్ మీద ఇంకా దూరంగా పెట్టాలి. పంచరైంది కుడివైపు టైరైతే, మీ వీపు పరుగెత్తే బండ్ల వైపు ఉంటుంది. అక్కడ జాకీ జోలికే పోకుండా 112కు ఫోన్ చేయడమే మంచిది.

హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలనే. వెనక చక్రం ఒకటి లేపితే నేలమీద బ్రేకు పట్టేది ఒక్కటే మిగులుతుంది. అందుకే మాన్యువల్ బండిని గేరులో, ఆటోమేటిక్‌ను 'పి'లో ఉంచి, లేపే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. సామాను, స్టెప్నీ ముందే బయటికి తీసేయాలి. ఎత్తిన కారు డిక్కీలోంచి సూట్‌కేసులు లాగితే బండి ఊగుతుంది.

నట్లను బండి నేలమీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. గాల్లో ఉన్న కారు మీద పానా వేసి బలంగా లాగితే జాకీ ఒరుగుతుంది. ఇక జాకీ పెట్టే చోటు: తలుపుల కింద అంచున, చక్రం దగ్గర రెండు చిన్న గాట్లు కనిపిస్తాయి. జాకీ తల గాడి సరిగ్గా ఆ మధ్యలో కూర్చోవాలి. వేరే చోట పెడితే రేకు లోపలికి పోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో అడుగున బ్యాటరీ ఉంటుంది కాబట్టి మాన్యువల్‌లో చూపిన చోటు తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు. నేల మట్టిదైతే జాకీ కింద మందపాటి చెక్క వేయాలి. వాలు మీద ఎత్తనే వద్దు.

చక్రం నేల వదిలిందని ఆగిపోవద్దు. గాలి నిండిన స్టెప్నీ పట్టాలంటే ఇంకొంచెం ఎత్తు కావాలి. విప్పిన చక్రాన్ని పక్కన పారేయకుండా కారు అంచు కింద పడుకోబెట్టాలి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. చేతులు, కాళ్లు, దుపట్టా, కుర్తా చెంగు ఏదీ కారు కిందికి వెళ్లకూడదు. ఈ జాకీ చక్రం మార్చడానికే, కింద దూరి పని చేయడానికి కాదు.

నట్ల వాలు వైపు చక్రానికి ఆనేలా చేత్తో తిప్పి, బండి దించాక ఒకటి విడిచి ఒకటి బిగించాలి. స్టెప్నీ సన్నటిదైతే గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. 50 కిలోమీటర్లు నడిచాక నట్లను మళ్లీ ఒకసారి చూడాలి.

కొత్త కారు కొన్నవాళ్లు డిక్కీ అడుగు ఒకసారి ఎత్తి చూసుకోవాలి. టైరు గాలి కొలిచే ఏర్పాటు, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. స్టెప్నీ ఉన్నవాళ్లు పెట్రోల్ బంకులో నాలుగు టైర్లకు గాలి కొట్టించేటప్పుడు ఐదోదానికి కూడా కొట్టించాలి.