గ్లూటెన్ పడనివారి ఆహారం: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే మాంసకృత్తుల సముదాయాన్ని గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి తెగకుండా సాగడానికి, పరోటా పొరలు పొరలుగా విచ్చుకోవడానికి కారణం ఇదే. ఇది పడనివారిలో మూడు రకాలున్నారు. మొదటిది సీలియాక్ వ్యాధి. ఇందులో గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకునే సన్నని నూగు అరిగిపోయి పేగు లోపలి గోడ చదునవుతుంది. రెండోది గోధుమ అలర్జీ. తిన్న కాసేపటికే దద్దుర్లు, ఆయాసం వస్తాయి. మూడో రకంలో పరీక్షలన్నీ బాగానే ఉన్నా గోధుమ తింటే కడుపు ఉబ్బరం, నీరసం, తలనొప్పి వస్తాయి. వైద్యులు దీన్ని సీలియాక్ కాని గ్లూటెన్ అసహనం అంటారు.

సీలియాక్ వ్యాధికి మూలం గోధుమేనని నిరూపించిన ఘనత నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం డిక్కెది. 1950లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం దీనికి ఆధారం. ఈ జబ్బుకు నేటికీ మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే చికిత్స.

వేలూరు చెప్పిన లెక్క

చిత్తూరు జిల్లావారికి పెద్ద జబ్బు చేస్తే సరిహద్దు దాటి తమిళనాడులోని వేలూరు ఆసుపత్రికి పోవడం తరతరాల అలవాటు. సీలియాక్ వ్యాధి గురించి దక్షిణాదికి దొరికిన గట్టి లెక్క కూడా ఆ వైపు నుంచే వచ్చింది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తరాన హర్యానా, ఈశాన్యాన అస్సాం, దక్షిణాన వేలూరు ప్రాంతాల నుంచి మొత్తం 23,331 మంది పెద్దవాళ్లకు రక్తపరీక్షలు చేశారు. వెయ్యిమందిలో సీలియాక్ వ్యాధి ఉత్తరాన 8.53 మందికి, ఈశాన్యంలో 4.66 మందికి ఉండగా దక్షిణాన 0.11 దగ్గరే ఆగింది. అంటే సుమారు పదివేల మందికి ఒక్కరు.

జన్యువులే వేరా అంటే, కాదు. ఈ వ్యాధికి వీలిచ్చే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఉత్తరాదివారిలో 38.1 శాతం మందికి ఉంటే దక్షిణాదివారిలో 36.4 శాతం మందికి ఉన్నాయి. తేడా కంచంలో కనిపించింది. రోజుకు సగటున ఉత్తరాదివారు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. అయినా గోధుమ ఒక్కటే అంతా తేల్చదు. 37 గ్రాములే తినే ఈశాన్యంలో జబ్బు దక్షిణాది కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. చిత్తూరు వైపు గమనించాల్సింది మరొకటుంది. షుగరు వచ్చిందని రాత్రిపూట అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. జన్యువులున్నచోటికి గోధుమ కొత్తగా వచ్చి చేరుతోంది.

సంగటి: బలం, పరిమితి

గ్లూటెన్ లేని తిండి అనగానే నగరాల్లో ఖరీదైన ప్యాకెట్లు గుర్తొస్తాయి. దక్షిణ రాయలసీమకు ఆ అవసరం తక్కువ. రాగి, సజ్జ, జొన్న, కొర్ర, సామ, అరిక, బియ్యం, కందులు, ఉలవలు, అలసందలు, చెనిక్కాయలు: వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం వకుళ, తిరుమల వంటి రాగి రకాలను రూపొందించింది.

రాగి సంగటి చేసే తీరు తేలికే. బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి, ఆవిరికి మగ్గనిచ్చి, తెడ్డుతో ఉండలు లేకుండా గెలికి ముద్దలు కడతారు. పక్కన పులగూరో, ఊరిబిండో, నాటుకోడి పులుసో ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో అది 8 మిల్లీగ్రాములకు మించదు. పేగు దెబ్బతిని ఎముకలు బలహీనపడిన సీలియాక్ రోగికి ఇది చిన్న సంగతి కాదు.

ఇనుము దగ్గర మాత్రం రాగిని అతిగా నమ్మకూడదు. 100 గ్రాములకు సుమారు 4.6 మిల్లీగ్రాములున్నా, రాగిలోని ఫైటేట్లు, టానిన్లు దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. సజ్జల్లో ఇనుము ఇంకాస్త ఎక్కువ, 6.4 మిల్లీగ్రాముల దాకా. మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్లను తగ్గిస్తాయి. రాత్రి పిండి కలిపి పులవనిచ్చి, పొద్దున కాచి, మజ్జిగ పోసుకుని తాగే అంబలి ఈ లెక్కన ఎంతో తెలివైన తిండి. పక్కన నిమ్మకాయ, ఉసిరి, పచ్చి మామిడి ఏదున్నా విటమిన్ సి తోడై ఇనుము మరింత ఒంటపడుతుంది. కాఫీ, టీ భోజనానికి గంట అటూ ఇటూ జరపాలి. షుగరు ఉన్నవారికి సంగటి కూడా కొలతలోనే ఉండాలి. మెత్తగా ఉడికిన రాగిపిండి రక్తంలో చక్కెరను పెంచుతుంది.

నీరసానికి అసలు కారణం

నీరసంగా ఉందని సొంతంగా గోధుమ మానేయడం ఈ ప్రాంతంలో చాలాసార్లు గురి తప్పిన వైద్యమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సీలియాక్ పదివేలకు ఒకరిది, రక్తహీనత సగానికి పైగా ఆడవాళ్లది. థైరాయిడ్, షుగరు, విటమిన్ బి12 లోపం, కడుపులో నులిపురుగులు కూడా ఒంట్లో సత్తువ లాగేస్తాయి. ముందు చూడాల్సినవి ఇవి.

అలాగని సీలియాక్‌ను మరిచిపోకూడదు. అరుదైన జబ్బు కాబట్టే దాన్ని ఎవరూ అనుమానించరు. ఇనుము ఎక్కువగా ఒంటపట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. ఈ వ్యాధి దెబ్బ కొట్టేదీ అక్కడే. నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే, దాంతోపాటు విరేచనాలు, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల లేకపోవడం కనిపిస్తే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష అడగాలి. అది పాజిటివ్ వస్తే ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూస్తారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో జీర్ణకోశ వ్యాధుల విభాగం ఉంది. పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు. మానేస్తే రక్తంలోని యాంటీబాడీలు తగ్గి, ఉన్న జబ్బు కూడా లేనట్టు కనబడుతుంది.

గోధుమ మానగానే కడుపు తేలికపడిందంటే తప్పు గ్లూటెన్‌దేనని కూడా అనుకోనక్కర్లేదు. 2018లో ప్రచురితమైన నార్వే ప్రయోగంలో, గ్లూటెన్ పడదని చెప్పుకున్న 59 మందిని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు. గోధుమతోపాటు ఉల్లి, వెల్లుల్లిలోనూ అవి ఉంటాయి. చపాతీ మానేసి, ఉల్లి, వెల్లుల్లితో నూరే ఎర్రగారం దండిగా తినేవారికి ఉబ్బరం తగ్గకపోతే అటువైపు చూడాలి.

దాక్కున్న గోధుమ

వ్యాధి ఖాయమైన ఇంట్లో అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చపాతీ, పరోటా, పూరీ, మైసూర్ బోండా, ఓళిగ, సేమియా, బిస్కెట్ మానాలని అందరికీ తోస్తుంది. ఉప్మారవ్వ గోధుమేనని, రవ్వదోశలో అది ఉంటుందని కొందరికే తడుతుంది. నీరసించినవారికి బలమని పాలలో కలిపిచ్చే హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ మాల్టు రెండూ ఉంటాయి. వీధి బండి మీద ఫ్రైడ్ రైస్‌లో పోసే సోయాసాస్‌ను మామూలుగా గోధుమ కలిపే తయారుచేస్తారు.

అన్నింటికంటే మోసపుచ్చేది ఇంగువ. అంగట్లో దొరికే కూటు ఇంగువలో చాలావరకు గోధుమ పిండో మైదానో కలుస్తుంది. సాంబారు, చారు, పులిహోర, ఆవకాయ అన్నిట్లోకీ చిటికెడు చొప్పున అదే వెళ్తుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కొనుక్కోవచ్చు, లేదా పోపులో వెల్లుల్లితో సరిపెట్టుకోవచ్చు. తిరుమల లడ్డూ ప్రధానంగా శెనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్షలతో చేసేది. దినుసుల్లో గోధుమ లేకపోయినా, గ్లూటెన్ రహితమని పరీక్షించి ముద్ర వేసిన పదార్థం కాదు కాబట్టి జబ్బు తీవ్రంగా ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి.

పిండిమర మరో చిక్కు. గోధుమలు ఆడిన మరలోనే వెంటనే రాగులు పోస్తే మరలో మిగిలిన గోధుమ పిండి సంగటిలోకి వస్తుంది. బియ్యం ఆడిన తర్వాత తమవి ఆడించుకోవడం, మొదట పడే పిండిని పక్కన పెట్టడం కొంత మేలు. చిన్న మర ఇంట్లో పెట్టుకోవడం ఇంకా మేలు. ప్యాకెట్లకైతే మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది: కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే ఆ సరుకు మీద గ్లూటెన్ రహితమని రాయకూడదు.

ఆహారం మార్చిన కొన్ని వారాల్లోనే విరేచనాలు, ఉబ్బరం తగ్గడం మొదలవుతుంది. పేగు గోడ పూర్తిగా మానడానికి మాత్రం పెద్దవాళ్లలో ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా కొందరికి పాలు కూడా పడవు. పెరుగు, మజ్జిగ చాలామంది తట్టుకుంటారు. ఇనుము, ఫోలేట్, బి12, విటమిన్ డి తగ్గి ఉంటే వైద్యులు మాత్రలిస్తారు. ఒకరికి వ్యాధి ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు లక్షణాలు లేకున్నా టీటీజీ పరీక్ష చేయిస్తారు.